నవ్వించు అపరాధ పరిశోధకుడు



సారస్వత సభలో ఉపన్యాసము అనగానే నన్నయ భట్టు, తిక్కన సోమయాజి, పోతనామాత్యుడు జ్ఞప్తికి వచ్చుట సహజము. అట్టి సభకు ఒక తడబడు డిటెక్టివును వెంటబెట్టుకొని వచ్చుట కొందరికి వింతగా తోపవచ్చును. గూఢముగా తిరుగవలసిన చోట అందరి కంటను పడుట వాని స్వభావము. వేషము మార్చినకొలది వాని గుట్టు మరింత బయటపడును. దొంగను పట్టుటకు బయలుదేరి దొరను పట్టును. అయినను కథ ముగియునప్పటికి ముడి విప్పినవాడు వాడే అగును. నవ్వుచు చదివిన పాఠకుని కన్నులు ఒక్కింత చెమర్చును. ఇట్టి వానిని నాయకునిగా చేసి మల్లాది వెంకట కృష్ణమూర్తి రచించిన నవల ‘చంటబ్బాయ్’. నేటి ప్రసంగమునకు అదియే కేంద్రము.

ఈ విషయమునకును భిలాయి పట్టణమునకును ఏమి సంబంధమని ప్రశ్న కలుగవచ్చును. సంబంధము కలదు. 1955వ సంవత్సరమున భారత, సోవియట్ ప్రభుత్వముల మధ్య ఒడంబడిక జరిగిన పిమ్మట దుర్గ్ సమీపమున ఉక్కు కర్మాగారము వెలసెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించెను. విజయనగరము నుండి రాయపూరు వరకు కొండల నడుమగా సాగు రైలుమార్గము అంతకు పూర్వమే, 1931 నాటికే, పూర్తియై యుండెను. ఆ మార్గము పట్టుకొని శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి అనేక తెలుగు కుటుంబములు ఉద్యోగములకై ఇచ్చటికి వచ్చెను. నాటి ప్రయాణికుని ట్రంకుపెట్టెలో భాగవతము ఉండిన ఉండవచ్చును. కాని అతని చేతిలో మాత్రము స్టేషను పుస్తకాల షాపులో కొనిన డిటెక్టివు నవలయే ఉండుట ఎక్కువ. తెల్లవారుజామున షిఫ్టు దిగివచ్చి నిదుర పట్టని కార్మికునికి తోడుగా నిలిచినది ఆ చిన్న పుస్తకమే.

ఇంకొక సంబంధమును కలదు. కర్మాగారమున ప్రతిదినము ఏదో ఒక పరిశోధన జరుగుచునే యుండును. రోలింగు మిల్లులో ఒక రోలు విరిగెను. ఒక మోటారు కాలిపోయెను. అప్పుడు రెండు ప్రశ్నలు పుట్టును. మొదటిది, “ఎవడు చేసెను?” రెండవది, “ఎట్లు జరిగెను?” మంచి ఇంజనీరు రెండవ ప్రశ్నతో ప్రారంభించి, అవసరమైనచో మొదటిదానికి వచ్చును. తొందరపాటుగలవాడు మొదటి ప్రశ్నతోనే ప్రారంభించి అచ్చటనే ఆగిపోవును. తత్ఫలితముగా ఒక అమాయకునికి మెమో అందును, మరునాడు రెండవ రోలును విరుగును. హాస్య డిటెక్టివు నవల యంతయు ఈ రెండు ప్రశ్నల తారుమారు మీదనే నడచును. కావున ఉక్కు పట్టణమున నివసించువారికి ఆ నవల తమ ఇంటి కథవలెనే తోచును.

అపరాధ పరిశోధక వాఙ్మయము పాశ్చాత్య దేశములలో పుట్టినది. అమెరికా రచయిత ఎడ్గార్ అలెన్ పో 1841లో ప్రకటించిన కథలో డూపిన్ అను పరిశోధకుడు తొలిసారిగా కనిపించెను. 1887లో ఆర్థర్ కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్సును సృష్టించెను. భారతదేశములో ఈ ప్రక్రియకు వంగదేశము ముందుగా స్వాగతము పలికినది. పాంచకడి దే రచించిన నవలలు వంగభాషనుండి తెలుగులోనికి అనువదింపబడి పాఠకులను అలరించెను. తరువాత స్వతంత్ర రచనలు బయలుదేరెను. 1950, 1960 దశకములలో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివు యుగంధర్, అతని సహాయకుడు రాజు ఇంటింటి పేర్లైరి. టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ మొదలగువారు ఈ రంగమున విరివిగా రచించిరి. మధుబాబు సృష్టించిన షాడో తరువాతి తరమును ఊపివైచెను.

ఈ పరిశోధకులందరును మేధావులు, ధైర్యవంతులు. యుగంధర్ ఎదుట నేరస్థుడు వణకును. షాడో చేయి లేచినచో శత్రువు నేల కూలును. వీరు తడబడరు, తడబడినను అది శత్రువును వంచించుటకు పన్నిన ఉపాయమే అగును. పాఠకుడు వీరిని చూచి ఆశ్చర్యపడును. కాని ఆశ్చర్యము దూరము నుండి కలుగు భావము. పర్వతమును చూచి ఆశ్చర్యపడిన వాడు పర్వతముతో స్నేహము చేయడు. స్నేహము చేయదగిన పరిశోధకుడు పుట్టుటకు తెలుగువారి రెండవ సంపద, అనగా హాస్యము, వచ్చి కలియవలసి యుండెను.

ఆ సంపద చాల పాతది. మర్యాద రామన్న కథలలో చిక్కువ్యాజ్యములను విప్పు తీర్పరి కలడు. ఆ కథలు వినిన పల్లెటూరి శ్రోత ఒకే సమయమున నవ్వుచు, “నిజము ఎట్లు బయటపడునో” అని ఎదురుచూచుచు ఉండెడివాడు. ఇక గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కము’ ఉండనే ఉన్నది. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో పెంచి వ్రాయబడిన ఆ నాటకమును సంఘసంస్కరణ దృష్టితో చదువుట పరిపాటి. డిటెక్టివు దృష్టితో చదివినచో అందొక విచిత్రమైన హత్యకేసు కనబడును. కరటకశాస్త్రి తన శిష్యుడైన మహేశమునకు ఆడపిల్ల వేషము వేసి లుబ్ధావధాన్లకు కట్టబెట్టును. పెండ్లియైన పిమ్మట పిల్ల మాయమగును. వేషము విప్పి మహేశము వెళ్ళిపోయిన సంగతి ఎవ్వరికిని తెలియదు. భార్యను చంపినాడని లుబ్ధావధాన్లపై నింద వచ్చును. పోలీసు ప్రవేశించును, వకీళ్ళు ప్రవేశింతురు, సాక్ష్యములు తయారగును. చచ్చినవారు ఎవ్వరును లేరు. అసలు పుట్టిన పిల్లయే లేదు! శవము లేని హత్య, భార్య లేని పెండ్లి, నేరము లేని నేరస్థుడు. ఇంతకంటె గొప్ప హాస్య రహస్యకథను ఊహించుట కష్టము. ఆ ముడి విప్పునది పోలీసు కాదు, వకీలు కాదు. పురుషవేషము ధరించి వచ్చిన మధురవాణి. వేషముతో పడిన ముడి వేషముతోనే విడిపోయినది.

తరువాత చిలకమర్తి లక్ష్మీనరసింహము ‘గణపతి’ వచ్చెను. 1924లో మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టరు పార్వతీశము’ ప్రథమ భాగము వచ్చెను. మొగల్తూరు నుండి బయలుదేరి ఇంగ్లండు చేరుకొను పార్వతీశము అడుగడుగునను పొరబడును. తనకు తెలియదని ఒప్పుకొనుటకు సిగ్గుపడి, తెలిసినట్లు నటించి, ఆ నటనవలననే పట్టుబడును. అయినను వాని మనస్సులో కల్మషము లేదు. తప్పు చేయును గాని పాపము చేయడు. తెలుగు హాస్యనాయకునికి ఇది ముఖ్యలక్షణము. ఈ పార్వతీశము చేతికి ఒక భూతద్దమిచ్చి, “నాయనా, పోయి నేరస్థుని పట్టుకొనిరమ్ము” అని పంపినచో ఏమగును? ‘చంటబ్బాయ్’ అగును.

మల్లాది వెంకట కృష్ణమూర్తి నేరకథను, హాస్యకథను రెంటిని సమానముగా నడుపగల రచయిత. అతని నవల ఆధారముగా జంధ్యాల దర్శకత్వమున 1986లో చలనచిత్రము వెలువడెను. అదే సంవత్సరమున అదే రచయిత నవల ‘రెండు రెళ్ళు ఆరు’ను సైతము జంధ్యాల తెరకెక్కించెను. 1951లో జన్మించి 2001లో కీర్తిశేషుడైన జంధ్యాల, అసభ్యత సోకని హాస్యమునకు పేరుగాంచిన వాడు. ‘చంటబ్బాయ్’ చిత్రమున నాయకపాత్ర ధరించినవాడు చిరంజీవి. 1983లో వచ్చిన ‘ఖైదీ’ చిత్రముతో పోరాట వీరునిగా స్థిరపడిన నటుడు మూడు సంవత్సరములకే తన్ను తాను నవ్వులపాలు చేసికొను పాత్రను అంగీకరించుట సాహసము. యాదృచ్ఛికమే కావచ్చును గాని, పార్వతీశము స్వగ్రామమైన మొగల్తూరే చిరంజీవి జన్మస్థలము కూడ. ఆ ఊరి గాలిలో ఏదో మహిమ ఉన్నదని నవ్వుకొనవచ్చును.

చిత్రమున కథానాయకుని పేరు పాండురంగారావు. యూనివర్సల్ డిటెక్టివ్ ఏజెన్సీలో ఉద్యోగి. జేమ్స్ బాండును తలచుకొని తన్ను తాను ‘జేమ్స్ పాండ్’ అని పిలుచుకొనును. ఈ ఒక్క పేరులోనే వాని జీవితమంతయు ఇమిడియున్నది. బాండునకును పాండునకును నడుమ ఒక్క అక్షరమే భేదము. ఆ అక్షరము పొడవున వాని ఆశకును వాని శక్తికిని నడుమ ఆగాధము పరచుకొని యుండును. సుహాసిని ధరించిన జ్వాల పాత్ర టెలిఫోను ఆపరేటరు. ఆమెపై వానికి ప్రేమ కలుగును. ఆమె ఒక హత్యకేసులో చిక్కుకొనును. నవ్వులాటగా సాగుచున్న పరిశోధన ఆ క్షణమునుండి నిజమైన పరీక్షగా మారును. అంతవరకు డిటెక్టివు ఉద్యోగము వానికి వేషము. ఇప్పుడు ఒక నిరపరాధి మానము, ప్రాణము వాని తెలివిపై ఆధారపడినవి. పాఠకుడును అచ్చట హఠాత్తుగా నవ్వు మాని, “వీడు నెగ్గవలెను” అని కోరుకొనును.

తరువాతి ఘట్టమున నిశ్చల అను వైద్యురాలు వాని సహాయమును కోరును. తప్పిపోయిన ఒక సోదరుని వెదకిపెట్టవలెను. ఆ సోదరుని ముద్దుపేరే చంటబ్బాయి. హత్య చేసినవానిని వెదకుట ఒక విధము. తప్పిపోయిన బిడ్డను వెదకుట వేరొక విధము. మొదటిదానియందు దొరికినవాడు శిక్షింపబడును. రెండవదానియందు దొరికినవాడు కౌగిలింపబడును. ఒకే నవలయందు ఈ రెండు వెదకులాటలను ఇమిడ్చి, రెంటికిని ఒకే తడబడు మనిషిని నియోగించుట కథకు బలమిచ్చినది. చంటబ్బాయి ఎవ్వరో చెప్పుట మాత్రము నేరము. ఆ నేరమునకు ఈ సభ పూనుకొనదు. పరమానందయ్య శిష్యుల కథ నొకమారు స్మరించుకొని పుస్తకము తెరువవలసినదని సూచించుట చాలును.

చిత్రమున ఉపపాత్రలును స్మరణీయములు. శ్రీలక్ష్మి ధరించిన రచయిత్రి పాత్రను చూడని ఆంధ్రుడు అరుదు. ఆమె తన కవితలతోను, స్వయముగా కనిపెట్టిన వంటకములతోను ఒక పత్రికా సంపాదకుని వేధించు తీరు తలచుకొనినప్పుడెల్ల నవ్వు వచ్చును. సారస్వత సభల నిర్వాహకులకు, సంచికల సంపాదకులకు ఆ నవ్వులో కొంత స్వానుభవమును తోడగునేమో!

ఇక హాస్య రహస్యనవల నిర్మాణమును కొంచెము పరిశీలింపవలెను. సామాన్య డిటెక్టివు కథయందు ముగ్గురు ఉందురు. అందరికంటె ముందు పరిశోధకుడు, అతని వెనుక పాఠకుడు, పాఠకుని వెనుక పరిశోధకుని మిత్రుడు నడతురు. 1929లో రోనాల్డ్ నాక్స్ అను ఆంగ్ల రచయిత డిటెక్టివు కథలకు పది నియమములను ఏర్పరచెను. పరిశోధకుని మిత్రుని బుద్ధి సామాన్య పాఠకుని బుద్ధికంటె కొంచెమే, చాల కొంచెమే, తక్కువగా ఉండవలెనని అందొక నియమము. మిత్రుని చూచి పాఠకుడు, “ఇంతమాత్రము నాకు తెలియదా!” అని తృప్తిపడుట కొరకే ఆ ఏర్పాటు. హాస్య డిటెక్టివు నవలలో ఆ మందబుద్ధి మిత్రుడే పరిశోధకుని కుర్చీలో కూర్చుండును. హోమ్సు సెలవుపై పోగా వాట్సను డ్యూటీ ఎక్కినట్లు! అందువలన పాఠకుడు పరిశోధకునికంటె ముందుండును. అతడు పొరపాటున ఎక్కబోవు మెట్టును పాఠకుడు ముందే చూచి నవ్వుకొనును.

కాని రచయిత ఈ ఇద్దరికంటెను ముందుండును. పాఠకుడు తాను తెలివిగలవాడనని భ్రమించి నవ్వుచున్న సమయముననే రచయిత అసలు ఆధారమును అతని కండ్లముందు నుండి దాటించివేయును. నవ్వునప్పుడు కన్నులు మూతపడుట ప్రకృతి. జారిపడిన డిటెక్టివును చూచి పకపక నవ్విన పాఠకుడు, వాడు దేనిపై కాలువేసి జారెనో గమనింపడు. తరువాత నూరుపుటలు గడచినపిమ్మట, ఆ జారుటకు కారణమైన వస్తువే నేరస్థుని పట్టి యిచ్చును. అప్పుడు పాఠకుడు తన మీద తాను నవ్వుకొనవలసివచ్చును. పరులను చూచి నవ్వుటతో ప్రారంభమై తన్ను చూచికొని నవ్వుటతో ముగియుట ఉత్తమ హాస్యమునకు గురుతు.

తడబడువాడు చివరకు నెగ్గుట కేవలము అదృష్టమేనా? కాదు. దానికి మూడు కారణములు కనబడుచున్నవి. మొదటిది, మూర్ఖుని యెదుట నేరస్థుడు జాగ్రత్తపడడు. యుగంధర్ వచ్చినచో తలుపులు మూయువాడు పాండురంగారావు వచ్చినచో కాఫీ ఇచ్చి కబుర్లు చెప్పును. రెండవది, బుద్ధిమంతుడు అడుగుటకు సిగ్గుపడు ప్రశ్నను వీడు నిర్భయముగా అడుగును. పెక్కు రహస్యములు అట్టి పసిపిల్లల ప్రశ్నకే బద్దలగును. మూడవది, ఓటమి వానికి అలవాటు. తెలివిగలవాని ఊహ ఒక్కసారి తప్పినచో అభిమానము దెబ్బతిని, తన ఊహనే నిజమని సాధింప యత్నించును. వీని ఊహ ప్రతిదినము తప్పును. కావున దానిని పారవైచి క్రొత్తదానిని తీసికొనుటకు వెనుదీయడు. విజ్ఞానశాస్త్రమున పరిశోధన జరుగు తీరును ఇదే గదా!

సాటివారి భాషలను చూచినచో తెలుగువారి ప్రత్యేకత మరింత స్పష్టమగును. భిలాయిలో పొరుగింటి వంగసోదరులను అడిగినచో వ్యోమకేశ బక్షీని గూర్చి గర్వముతో చెప్పుదురు. 1932లో శరదిందు బంద్యోపాధ్యాయుడు సృష్టించిన ఆ పాత్ర డిటెక్టివు అను మాటను ఇష్టపడక ‘సత్యాన్వేషి’ అని చెప్పుకొనును. 1965లో సత్యజిత్ రాయ్ ఫెలూదాను సృష్టించెను. 1971 నాటి ‘సోనార్ కేల్లా’తో జటాయువను కలముపేరుగల లాల్‌మోహన్ గంగూలీని అతనికి జతచేసెను. వంగదేశమున మేధ యంతయు ఫెలూదాకు, తడబాటు యంతయు జటాయువునకు పంచిపెట్టబడినది. తెలుగు రచయిత ఆ రెంటిని ఒకే దేహమున కలిపివేసెను. ఒకే మనిషి ఉదయము జటాయువు, సాయంకాలము ఫెలూదా. సామాన్యుని జీవితమునకు ఇదియే దగ్గరగా ఉన్నది. ఏ గృహస్థుడైనను ఉదయమున చేసిన పొరపాటును సాయంకాలమున దిద్దుకొనుచునే కదా సంసారమును ఈదుచున్నాడు!

పాశ్చాత్య దేశములలో ఈ జాతికి చక్రవర్తి ఇన్‌స్పెక్టరు క్లూసో. 1963లో వచ్చిన ‘ది పింక్ పాంథర్’ చిత్రమున పీటర్ సెల్లర్స్ ఆ పాత్ర ధరించెను. క్లూసో ఒక గజదొంగను పట్టుటకై దేశదేశములు తిరుగును. ఆ దొంగకు సహాయము చేయుచున్నది స్వయముగా క్లూసో భార్యయే! లోకమంతయు వెదకినవాడు తన ఇంటిలో మాత్రము చూడలేదు. ఈ సంగతిని శ్రోతలు మనస్సున ఉంచుకొనవలెను. చివరలో దీనితో పని కలదు.

‘చంటబ్బాయ్’తో ఈ సంప్రదాయము ఆగిపోలేదు. 1993లో వంశీ దర్శకత్వమున ‘డిటెక్టివ్ నారద’ వచ్చెను. 2019లో స్వరూప్ దర్శకత్వమున, నవీన్ పోలిశెట్టి నాయకునిగా, ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ వచ్చెను. నెల్లూరులో చిన్న కార్యాలయము పెట్టుకొని, సినిమాలలో చూచిన డిటెక్టివుల ఠీవిని అనుకరించు యువకుడతడు. చిన్న చిన్న కేసులతో నవ్వించుచు, రైలు పట్టాల ప్రక్కన దొరకు దిక్కులేని శవముల రహస్యములోనికి నడచును. రైలుపట్టాలు తయారుచేయు ఊరివారికి ఆ దృశ్యము మరింత గాఢముగా తగులును. దేశమున ప్రయాణికులను ఇంటికి చేర్చుటకు తయారుచేసిన పట్టాల ప్రక్కన పేరులేని మానవుడొకడు పడియుండుట చూచినప్పుడు, ఆతడెవరో తెలిసికొనవలెనన్న ఆరాటమే పరిశోధకుని ధర్మమని బోధపడును. ఆత్రేయ వేషము నవ్వు పుట్టించును. ఆరాటము గౌరవము పుట్టించును. పాండురంగారావు తరువాత మూడు దశాబ్దములకు పైగా గడచినను ఆ వంశలక్షణము మారలేదు.

ఇంతవరకు చెప్పినది సాహిత్యవిచారము. ఇక దీనివలన భిలాయి ఆంధ్రులకు కలుగు ప్రయోజన మేమి?

కర్మాగార స్థాపన కాలమున వచ్చినవారు తెలుగుబడిలో చదివి వచ్చినవారు. వారి సంతానము ఇచ్చటనే పెరిగెను. వారి మనుమలు 2000 నవంబరు 1వ తేదీన ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున జన్మించినవారు. అనేక గృహములలో ఆ పిల్లలు తెలుగు మాటలాడుదురు. అమ్మమ్మ తిట్టినచో అర్థము చేసికొందురు. కాని తెలుగు పుస్తకము చేతికిచ్చినచో తలక్రిందులుగా పట్టుకొందురు. అక్షరములు వారికి ముగ్గుల వలె కనబడును. బడిలో హిందీయు, ఇంగ్లీషును కలవు. తెలుగు ఇంటికే పరిమితమైనది. ఇంటియందును అది వంటగది దాటి ముందుగదికి వచ్చుట తగ్గినది. కొన్ని గృహములలో తాతగారు పోయిన పిమ్మట ఆయన పుస్తకములు పెట్టె అడుగున ఉన్నవి. వానిని చదువువారు లేరు, పారవేయుటకు చేతులు రావు.

ఈ పిల్లలకు తెలుగు నేర్పుటకు సాధారణముగా శతకములతో ప్రారంభింతురు. శతకములు అమూల్యములే. కాని పదియేండ్ల బాలుడు నీతికై పుస్తకము పట్టడు, “తరువాత ఏమాయెను?” అను ఆతురతతో పట్టును. ఆ ఆతురతను డిటెక్టివు కథవలె పుట్టింపగల ప్రక్రియ మరియొకటి లేదు. దానికి హాస్యము తోడైనచో ఇంకొక మేలు కలుగును. నేరకథలోని సంఘటనలను ఏ భాషలోనికైనను మార్చవచ్చును. హాస్యము అంత సులభముగా మారదు. పాండును చూచి బాండును తలచి నవ్వవచ్చును గాని, ఒక తెలుగు నుడికారము మీద, ఒక విరుపు మీద, గోదావరి యాస మీద నవ్వవలెనన్నచో ఆ భాష లోపలనుండి తెలిసియుండవలెను. భాష వచ్చుట ఒక మెట్టు. ఆ భాషలో నవ్వగలుగుట అంతకు పై మెట్టు. నవ్విన పిల్లవాడు ఆ భాషకు వారసుడైనాడని అర్థము.

కావున ఒక చిన్న ఉపాయమును సభవారి యెదుట ఉంచవచ్చును. సంస్థ నెలనెల జరుపు కూటములలో ఒక హాస్య రహస్యనవలను అధ్యాయము చొప్పున బిగ్గరగా చదువవలెను. పెద్దలలో చదువనేర్చిన వారు ఒక్కొక్క పాత్ర గొంతుతో చదువవలెను. ముడి బిగిసిన చోట ఆపివేయవలెను. చివరి అధ్యాయమునకు ముందు పిల్లలు, “నేరస్థుడు ఎవడు? ఎట్లు తెలిసెను?” అను రెండు ప్రశ్నలకు జవాబులను తెలుగు లిపిలో, తమ చేతివ్రాతతో, ఎన్ని తప్పులైనను సరే, వ్రాసి కవరులో పెట్టి అంటించి ఇయ్యవలెను. మరుసటి కూటమున కవరులను విప్పవలెను. సరిగా చెప్పినవానికి బహుమానము. అందరికంటె వింతగా పొరబడినవానికి రెట్టింపు బహుమానము! పొరబాటునకు బహుమానము ఇచ్చు సభ పాండురంగారావుకు నిజమైన సన్మానము చేసినదగును. తప్పు వ్రాయుదునేమో అను భయమే పెక్కుమంది పిల్లలను తెలుగు అక్షరమునకు దూరము చేసినది.

చివరకు పరమానందయ్య శిష్యుల కథకు రావలెను. శిష్యులు నది దాటిరి. అందరును క్షేమముగా దాటిరో లేదో చూచుటకు ఒకడు లెక్కపెట్టెను, ఒకడు తక్కువాయెను. మరియొకడు లెక్కపెట్టెను, అప్పుడును ఒకడు తక్కువే. నది మ్రింగినదని అందరును గొల్లుమనిరి. దారినిపోవు వాడొకడు వచ్చి లెక్కించి చూపగా ఎవ్వడును తప్పిపోలేదు. లెక్కపెట్టిన ప్రతివాడును తన్ను తాను మరచుటయే జరిగిన నష్టము. వేదాంతులు ఈ కథనే దశముని దృష్టాంతముగా గ్రహించిరి; విద్యారణ్యస్వామి ‘పంచదశి’యందు దానిని వివరించెను. నవ్వించుటకు పుట్టిన కథ బ్రహ్మవిద్యకు మెట్టు అయినది. ప్రపంచమున తొలి తడబడు పరిశోధకులు ఈ శిష్యులే కావచ్చును.

భిలాయి గృహములలో తెలుగు తప్పిపోవుచున్నదని ఆందోళన చెందు పెద్దలును ఇట్లే లెక్కపెట్టుచుందురు. బడిని లెక్కింతురు, హిందీని లెక్కింతురు, టెలివిజనును, చేతిఫోనును లెక్కింతురు, షిఫ్టులను, తీరికలేమిని లెక్కింతురు. నేరస్థుడు వీనిలో ఎవడని విచారణ చేయుదురు. ఇన్‌స్పెక్టరు క్లూసో వలె లోకమంతయు వెదకుదురు. లెక్కలోనికి రాని మనిషి ఒకడు మిగిలియుండును. రాత్రి భోజనమైన పిమ్మట పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పది పుటలు చదివి వినిపించి, ముడి బిగిసిన చోట పుస్తకము మూసి, “తక్కినది నీవే చదువుకొనుము” అని చెప్పవలసిన వాడే ఆ మనిషి. వానిని వెదకుటకు డిటెక్టివు ఏజెన్సీతో పనిలేదు. అద్దము చాలును.

పాండురంగారావు ఎంత తడబడినను వెదకుట మానలేదు. తప్పిపోయిన చంటబ్బాయిని తుదకు ఇంటికి చేర్చినవాడు వాడే. పెట్టె అడుగున పడియున్న తెలుగు పుస్తకమును పైకి తీయుటకు అంతకంటె గొప్ప తెలివి అక్కరలేదు. ఈ సంచిక చదివిన ప్రతి గృహమున ఈ ఆదివారమే ఆ పని జరుగునుగాక.

స్వస్తి.